చేతికి ఎముక లేకుండా ఓడినవాడు

2019 అక్టోబరు 14, టోక్యో. మామూలు రోజుల్లో సుమో పోటీలు జరిగే ర్యోగోకు కొకుగికాన్ మందిరం. నడిమధ్య బరిలో ముసుగు వేసుకున్న మనిషి ఒకడు వెల్లకిలా పడి ఉన్నాడు. ఇంకో నెలన్నర గడిస్తే అతడికి యాభై అయిదేళ్లు నిండుతాయి. అతడిని తలకిందులుగా ఎత్తి, నడినెత్తి నేలకు తగిలేలా దించి, వీపు ఆనించి మూడు లెక్కపెట్టించుకున్నవాడు మినోరు సుజుకి. గెలుపు ప్రకటించాక సుజుకి కుర్చీ ఒకటి అందుకొని మళ్లీ పడి ఉన్నవాడి దగ్గరకు వచ్చాడు. చూసేవాళ్ల గుండె జారిపోయింది. లేవలేని మనిషిని మళ్లీ కొట్టడం సుజుకికి కొత్తేమీ కాదు. కానీ అతడు కుర్చీని అవతలికి విసిరేశాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు అరచేతులూ నేలకు ఆనించి, నుదురు బరికి తాకేదాకా వంగాడు. కాసేపు అలాగే ఉండిపోయి, లేచి వెళ్లిపోయాడు.

పడి ఉన్న మనిషి పేరు జూషిన్ థండర్ లైగర్. జపాన్ రెజ్లింగ్ ప్రపంచానికి ఇచ్చిన మనుషుల్లో అందరికంటే గొప్పవాడు అతడేనని నా నమ్మకం. ఎందుకో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

2020 సంక్రాంతికి మేనత్త వాళ్ల ఇంట్లో ఈ దృశ్యాన్ని మా బావకు ఫోనులో చూపించాను. బావ కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడినవాడు, మోకాలు దెబ్బతినేదాకా ఆడినవాడు. గెలుపోటముల గురించి అతడి మాటకు మా ఇంట్లో విలువ ఉంది. చివరిదాకా శ్రద్ధగానే చూసి, ఫోను తిరిగి ఇస్తూ ఒకే మాట అన్నాడు.

"ఎవరు గెలవాలో ముందే అనుకొని బరిలోకి దిగుతారు కదా. అలాంటప్పుడు ఆ దండానికి విలువేముంది?"

ఈ ప్రశ్న నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రెజ్లింగ్ ఇష్టపడే ప్రతి పిల్లవాడికీ తెలుసు. దీనికి మాకు అలవాటైన జవాబు ఒకటి ఉంది: అభిమన్యుడు చనిపోతాడని తెలిసి కూడా పద్మవ్యూహం ఘట్టం కోసం తెల్లవార్లూ నాటకం ముందు కూర్చోలేదా అని. చాలాకాలం నేనూ ఆ జవాబే చెప్పాను. ఇప్పుడది సగం జవాబే అనిపిస్తుంది. నాటకంలో దుర్యోధనుడి తొడ విరిగితే, ఆ వేషం కట్టిన నటుడికి పోయేదేమీ లేదు. ఇంకా బాగా పడిపోతే వన్స్ మోర్ కూడా వస్తుంది. రెజ్లింగ్‌లో అలా కాదు. అక్కడ ఓడినవాడికి నిజంగానే నష్టం. పదేపదే ఓడేవాడిని జనం చిన్నవాడిగా చూస్తారు, పోస్టరులో అతడి బొమ్మ కిందికి జారుతుంది, జీతం బేరంలో గొంతు తగ్గుతుంది. కథ ముందే అనుకున్నదే అయినా, ఖర్చు మాత్రం నిజం. అందుకే పేరు వచ్చిన రెజ్లర్లలో చాలామంది ఓటమికి ఒప్పుకోరు. తప్పనిసరై ఒప్పుకున్నా, అవతలివాడికి ఏమీ మిగలకుండా లోభిగా ఓడతారు: పడిన వెంటనే దులుపుకొని లేస్తారు, నొప్పి చూపించరు, గెలిచినవాడి కంటే తామే గట్టివాళ్లమని సైగలతో చెప్పి మరీ వెళ్తారు.

కబడ్డీలో ఓడిన మా బావ చేతిలో ఏమీ లేదు. అవతలి జట్టు బలమైనది, అంతే. రెజ్లింగ్‌లో మాత్రం ఎంత ఓడాలి, ఎవరికి ఓడాలి, ఎంత మనస్ఫూర్తిగా ఓడాలి అన్నదంతా మనిషి గుణం మీద ఆధారపడి ఉంటుంది. లైగర్ ఓటములు నన్ను పట్టుకున్నది అక్కడ.

అతడి అసలు పేరు కెయిచి యమడ. 1964 నవంబరు 30న హిరోషిమాలో పుట్టాడు. హైస్కూల్లో కుస్తీ పట్టాడు. న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థలో చేరాలన్నది కల, ఆ సంస్థ రెజ్లరు తత్సుమి ఫుజినామి ఆరాధ్యుడు. కానీ ఎత్తు సుమారు 170 సెంటీమీటర్లు. భారీ మనుషుల కోసం చూసే ఆ సంస్థకు అది చాలలేదు. ఇక్కడ నాకు మా చిన్ననాటి రెజ్లింగ్ కార్డులు గుర్తుకొస్తాయి. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు అంటూ పిలిచి, పెద్ద అంకె ఉన్నవాడు ఎదుటివాడి కార్డు లాగేసుకునే ఆట. ఆ ఆటలో లైగర్ కార్డు ఎవరి చేతికి వచ్చినా పోగొట్టుకునేదే. యమడ మాత్రం ఊరుకోలేదు. స్కూలు చదువు ముగించుకొని మెక్సికో వెళ్లాడు, ఎందుకంటే అక్కడ పొట్టివాళ్లకూ బరిలో చోటుంది. చేతిలో డబ్బు లేక తిండికి కటకటలాడుతూ సాధన చేశాడు. అక్కడికి వచ్చిన న్యూ జపాన్ పెద్దలు ఆ పట్టుదల చూసి తిరిగి రమ్మన్నారు. 1984 మార్చి 3న సొంత ముఖంతో, సొంత పేరుతో తొలిసారి బరిలో దిగాడు. తర్వాత ఇంగ్లండు పంపితే అక్కడ ఫుజి యమడ పేరుతో రోలర్‌బాల్ రాకో లాంటి మొండివాళ్లతో తలపడి వచ్చాడు. పై తాడు మీద నుంచి ముందుకు దూకుతూ గాలిలోనే వెనక్కి పల్టీ కొట్టి పడే షూటింగ్ స్టార్ ప్రెస్ అతడు కనిపెట్టినదే.

ముసుగు 1989లో వచ్చింది, అదీ అరువుగా. గో నగాయ్ సృష్టించిన 'జూషిన్ లైగర్' అనే కార్టూన్ ధారావాహిక ఆ ఏడాది మార్చిలో టీవీలో మొదలైంది. జూషిన్ అంటే మృగదేవత. అంతకు ఎనిమిదేళ్ల ముందు సతోరు సయామా టైగర్ మాస్క్ ముసుగులో జపాన్ పిల్లలందరినీ ఊపేశాడు. అదే దారిలో ఈ కార్టూను వీరుణ్ణి కూడా బరిలోకి తేవాలని సంస్థ ఆలోచన. ఆ ముసుగు యమడకు దక్కింది. ఎరుపు తెలుపు కలిసిన దుస్తులు ఒళ్లంతా కప్పేస్తాయి, తల మీద కొమ్ములు, వెనక జూలు. ఏప్రిల్ 24న టోక్యో డోమ్‌లో జరిగిన తొలి రెజ్లింగ్ ప్రదర్శనలో లైగర్ పుట్టాడు. ఆ రోజు అతడి చేతిలో ఓడినవాడు కునియాకి కొబయాషి. ఈ పేరు గుర్తు పెట్టుకోండి.

టీవీలో కథ ముందుకు సాగుతూ వీరుడు రూపం మార్చుకున్నప్పుడల్లా రెజ్లరు పేరూ మారింది: మొదట లైగర్, తర్వాత ఫైర్ లైగర్, ఆ పైన థండర్ లైగర్. 1990 జనవరిలో కార్టూను ముగిసిపోయింది. ఏడాది కూడా నిండలేదు. ప్రచారం కోసం కుట్టిన ముసుగుకు అక్కడితో పని అయిపోవాలి. యమడ దాన్ని మరో ముప్పై ఏళ్లు మోశాడు. ఇప్పుడు ఆ కార్టూను పేరు ఎవరి నోటనైనా వినపడితే అది ఈ రెజ్లరు పుణ్యమే.

ముసుగు దాచుకోవడానికి అనేవాళ్లు ఈ మనిషిని చూడలేదు. అయిదేళ్లు ముఖం కనపడేలా ఆడినవాడు, ముసుగు వెనక ఎవరున్నారో అందరికీ తెలుసు. 1996 అక్టోబరులో గ్రేట్ ముటా అనే రెజ్లరు ఆ ముసుగును చింపేస్తే, లోపల రంగు పూసిన భయంకరమైన మరో ముఖం బయటపడింది. కిషిన్ లైగర్ అన్నారు దాన్ని. వేషం కింద ఇంకో వేషం. ఇరవై మూడేళ్ల తర్వాత సుజుకితో గొడవలో కూడా అది బయటికొచ్చింది. అంతే తప్ప, అందరికీ తెలిసిన తన ముఖాన్ని ఏ గెలుపులోనూ తీసి చూపించుకోవాలని అతడు ఆశపడలేదు.

ఇక నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరని రాత్రి గురించి చెప్పాలి. 1994 ఏప్రిల్ 16, అదే ర్యోగోకు మందిరం. జూనియర్ హెవీవెయిట్లు, అంటే తేలికపాటి రెజ్లర్లు, అప్పటికి జపాన్‌లో రకరకాల చిన్నా పెద్దా సంస్థల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. ఒక సంస్థ మనిషి ఇంకో సంస్థ బరి తొక్కడమే అరుదు. వాళ్లందరినీ ఒకే రాత్రి, ఒకే చోట, ఒకే కప్పు కోసం దింపాలన్న పట్టుదల లైగర్‌ది. పద్నాలుగు మందితో సూపర్ జె-కప్ జరిగింది. పెట్టినవాడు అతడే, అందరికంటే పేరున్నవాడూ అతడే. తానే గెలిచి కప్పు ఎత్తుకుంటే కాదనేవాడు లేడు.

తొలి రౌండులో అతడు ఎదుర్కొన్నది ఎఫ్ఎండబ్ల్యూ అనే సంస్థకు చెందిన హయాబుసాను. మెక్సికోలో సాధన చేస్తూ ఈ పోటీ కోసం వచ్చిన యువకుడు, పెద్ద వేదికకు కొత్త. మరో ముసుగు వీరుడు. లైగర్ గెలిచాడు. కానీ ఆ పోటీ చూడండి. యువకుడి ప్రతి దూకుడుకూ లైగర్ తన ఒళ్లు అప్పగించాడు, కిందపడి నొప్పితో మెలికలు తిరిగాడు, ఈ కుర్రవాడు మామూలువాడు కాదని తన శరీరంతో జనానికి చెప్పాడు. ఆ రాత్రి తర్వాత హయాబుసాను ఎవరూ మరిచిపోలేదు. గెలుస్తూనే అవతలివాణ్ణి పెద్దవాణ్ణి చేయడం ఎలాగో ఆ పోటీలో ఉంది. (హయాబుసా తలరాత వేరేగా ఉంది. 2001 అక్టోబరులో కొరకుయెన్ హాల్లో తాళ్ల మీద నుంచి పల్టీ కొడుతుంటే కాలు పట్టు తప్పి మెడ విరిగింది. ఒళ్లు చచ్చుబడింది. 2016లో నలభై ఏడేళ్లకే చనిపోయాడు. ముందే అనుకున్న ఆట అని తేలిగ్గా అనేవాళ్లు ఆ కాలు జారిన క్షణాన్ని కూడా తలచుకోవాలి.)

సెమీఫైనల్లో ద గ్రేట్ సాస్కే. ఇతడూ ముసుగు మనిషే. ఈశాన్య జపాన్‌లో, పెద్ద నగరాలకు దూరంగా మిచినోకు ప్రో అనే చిన్న సంస్థ పెట్టుకొని నడుపుతున్నవాడు. పోటీ చివరికొచ్చింది. సాస్కే తాళ్ల మీదకు ఎగిరి అక్కడి నుంచి లోపలికి దూకబోయాడు. కాలు జారింది. అంతమంది ముందు బొక్కబోర్లా పడ్డాడు. కావాలనే పడ్డాడా, నిజంగానే జారాడా అని చూసినవాళ్లు నేటికీ వాదించుకుంటారు. లైగర్ ఏం చేశాడో చూడండి. నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇంత ఊరించి ఇదా నువ్వు చేసింది అన్నట్టు, తీరిగ్గా, వెటకారంగా కొట్టాడు. ఆ చప్పట్ల మదంలో ఉండగానే సాస్కే ఒక్క ఉదుటున ఎగిరి, రెండు కాళ్లతో అతడి తల పట్టి తిప్పి పడేశాడు. వీపు నేలకు ఆనింది. ఒకటి, రెండు, మూడు.

లైగర్ ఆ చప్పట్లు కొట్టకపోతే ఆ జారిపాటు ఒక చిన్నవాడి నగుబాటుగా మిగిలిపోయేది. చప్పట్లతో తప్పు మొత్తం లైగర్ మీదకు వచ్చింది. పెద్దవాడు పొగరుతో ఏమరుపాటుగా ఉన్నాడు, చిన్నవాడు పడిన చోటు నుంచే లేచి కొట్టాడు. జనానికి మిగిలిన కథ అది. ఎదుటివాడి పరువు కాపాడటానికి చెడ్డపేరు తాను తీసుకున్న ఆ రెండు మూడు క్షణాలు నాకు అతడు గెలిచిన పదకొండు టైటిళ్ల కంటే విలువైనవి. సాస్కే ఆ కప్పు గెలవలేదు, ఫైనల్లో వైల్డ్ పెగాసస్ అనే రెజ్లరు చేతిలో ఓడాడు. అయినా ఆ రాత్రితో అతడి పేరు దేశమంతా తెలిసింది. 2003లో ఇవాతే ప్రిఫెక్చర్ శాసనసభకు ఎన్నికై, ఎవరు అభ్యంతరం చెప్పినా ముసుగుతోనే సభలో కూర్చున్నాడు.

సంస్థ చెప్పింది చేశాడు, ఇందులో అతడి గొప్పేముంది అని కూడా బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ జె-కప్పు లైగర్ సొంత బిడ్డ. అక్కడ పొరుగు సంస్థ మనిషి ముందు వెల్లకిలా పడమని అతడి మెడ మీద కత్తి పెట్టినవాళ్లెవరూ లేరు.

అదే ఏడాది సెప్టెంబరులో చీలమండ విరిగింది. 1996లో మెదడులో కణితి, శస్త్రచికిత్స. గాలిలో ఎగరడం తగ్గించి, అరచేతి దెబ్బలతో, నేల మీది పట్లతో కొత్తగా ఆడటం నేర్చుకున్నాడు. న్యూ జపాన్ సంస్థ తేలికపాటి రెజ్లర్లకు ఇచ్చే ఐడబ్ల్యూజీపీ జూనియర్ హెవీవెయిట్ టైటిల్ పదకొండుసార్లు గెలిచినవాడు అతడు. పదకొండోసారి గెలిచిన దాన్ని 2000 జులైలో తత్సుహితో తకైవాకు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ టైటిల్ ఎప్పుడూ అతడి నడుముకు ఎక్కలేదు. అప్పటికి వయసు ముప్పై అయిదు. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ఆడాడు. అంటే ముసుగు జీవితంలో మూడింట రెండు వంతుల కాలం ఆ టైటిల్ లేకుండానే గడిచింది. 2017లో బెస్ట్ ఆఫ్ ద సూపర్ జూనియర్స్ పోటీలో ఆఖరిసారి పాల్గొన్నాడు. గతంలో మూడుసార్లు గెలిచిన పోటీ అది. ఈసారి ఏడింట ఆరు ఓటములు. ఎదుటివాళ్లలో కొందరు అతడు ముసుగు వేసుకున్న నాటికి పుట్టనే లేదు. అలసిపోయిన పాత తార అని జాలిపడటానికి అతడు చోటివ్వలేదు. ప్రతి రాత్రీ గెలవడానికే వచ్చినట్టు ఆడాడు. అలా ఆడితేనే కదా గెలిచిన కుర్రవాడికి ఏదైనా దక్కేది.

బావకు నేను చెప్పాల్సింది ఇంకొకటి ఉండిపోయింది. అసలు సిసలు పోటీ, ఏదీ ముందే అనుకోనిది, లైగర్ జీవితంలో ఒకటుంది. 2002 నవంబరు 30. పాన్‌క్రేస్ అనే మిశ్రమ యుద్ధకళల పోటీ. మినోరు సుజుకి న్యూ జపాన్‌లో కుర్రవాడిగా మొదలై, నిజమైన పోరాటం కావాలని వెళ్లిపోయి, పాన్‌క్రేస్‌ను నిలబెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. ఆ రోజు అతడితో తలపడాల్సిన రెజ్లరు కెన్సుకె ససాకి రాలేకపోయాడు. ఆ స్థానంలోకి వస్తానన్నవాడు లైగర్. ఆ రోజే అతడికి ముప్పై ఎనిమిదేళ్లు నిండాయి. అలాంటి పోటీ జీవితంలో ఎప్పుడూ ఆడలేదు, తర్వాతా ఆడలేదు. ఎదురుగా ఉన్నవాడు ఏళ్ల తరబడి అదే పనిగా బతికినవాడు. గెలిచే అవకాశం లేదని తెలుసు, పరువు పోతుందని తెలుసు. ముసుగుతోనే వెళ్లాడు. 1 నిమిషం 48 సెకన్లలో సుజుకి వెనక నుంచి మెడ బిగించేశాడు.

మరుసటి ఏడాది సుజుకి ప్రో రెజ్లింగ్‌కు తిరిగొచ్చాడు. ఇంకో పదహారేళ్లకు ర్యోగోకులో ఆ కుర్చీ విసిరేసి, నుదురు నేలకు ఆనించాడు.

ఇంతా విని బావ చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రెండు నిమిషాల పోటీ ఉందా?" అని అడిగాడు. చూపించాను. రెండుసార్లు చూశాడు. తర్వాత దండం పెట్టే దృశ్యం మళ్లీ పెట్టమన్నాడు. ఈసారి ఫోను నాకు తిరిగి ఇవ్వలేదు.

"ఇతను ఇంకా ఆడుతున్నాడా?"

పది రోజుల కిందటే మానేశాడని చెప్పాను. 2019 మార్చి 6న అదే జూనియర్ టైటిల్ కోసం తైజి ఇషిమోరితో ఆడి ఓడాడు. మర్నాడే పాత్రికేయులను పిలిచి, తనలో ఇక ఎదగడానికి చోటు కనిపించడం లేదని, తర్వాతి జనవరిలో టోక్యో డోమ్‌లో ముగిస్తానని ప్రకటించాడు. యాభై నాలుగేళ్లకు కూడా ఎదుగుదల కోసమే వెతుక్కుంటున్న మనిషి. 2020 జనవరి 4న ఒకటి, 5న ఒకటి, రెండు వీడ్కోలు పోటీలు. రెండో రోజు అతడిని చిత్తు చేసినవాడు హిరోము తకహషి. ముందటి రాత్రే జూనియర్ టైటిల్ గెలిచిన యువకుడు. లైగర్ ముప్పై ఏళ్లు మోసిన విభాగం ఎవరి చేతికి వెళ్లాలో, ఆ చేతికే తన ఆఖరి ఓటమి ఇచ్చి వెళ్లాడు. ముసుగు తీయలేదు.

మొదటి రోజు పోటీ కూడా పెట్టాను. ఎనిమిది మంది ఆట. లైగర్ పక్కన చిన్ననాటి ఆరాధ్యుడు ఫుజినామి, పాతికేళ్ల కిందట తనను పడేసిన సాస్కే, టైగర్ మాస్క్ ముసుగు వేసుకున్న నాలుగో మనిషి. ఎదురుగా సానో, ఓతాని, తకైవా, తగుచి. తగుచి చేతిలో లైగర్ చిత్తయ్యాడు. అప్పటికే వంటింట్లోంచి అత్తయ్య భోజనానికి రెండుసార్లు పిలిచింది. బావ లేవలేదు. తెర మీద వేలు పెట్టి ఆపి అడిగాడు.

"అవతలి జట్టు మూల నిలబడ్డాడే, ఆడకుండా చూస్తున్న పెద్దాయన, ఆయన ఎవరు?"

కునియాకి కొబయాషి. అప్పటికి అరవై మూడేళ్లు. ఎనభైల తొలినాళ్లలో టైగర్ మాస్క్ ముసుగు చింపి జపాన్ పిల్లలందరి శాపనార్థాలూ తిన్నవాడు. 1989 ఏప్రిల్ 24న, ఇదే టోక్యో డోమ్‌లో, కార్టూను బొమ్మ వేషం కట్టుకొచ్చిన పొట్టి కుర్రవాడి కోసం వెల్లకిలా పడినవాడు. బావ వీడియోను మళ్లీ మొదటి నుంచి పెట్టాడు, ఈసారి ఆయన్ని చూడటానికి.